ఇరవై రోజుల ప్రాక్టీసు చాలదు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజినీరుని. ఉపన్యాసాలు అలవాటు లేదు. నాకు కాస్త తెలిసినవి రెండే: మన బాస్కెట్‌బాల్ కోర్టు, యంత్రాలు. వాటి గురించే మాట్లాడతాను.

1985లో పదో తరగతి చదువుతూ స్కూలు టీములో ఆడాను. టోర్నమెంటు తేదీ తెలిశాకే మా ప్రాక్టీసు మొదలయ్యేది. ఇరవై రోజులు పొద్దున్నా సాయంత్రం, చీకట్లో బంతి కనబడనంత వరకూ ఆడేవాళ్లం. మిగతా ఏడాదంతా ఆ బంతి స్టోర్‌రూములో గాలి పోయి పడి ఉండేది. జిల్లా పోటీల్లో ఫస్ట్ హాఫ్‌లో మేమే ముందున్నాం. సెకండ్ హాఫ్‌లో కాళ్లు మాట వినలేదు. రీబౌండ్ కోసం ఎగిరి ఒంటికాలి మీద దిగాను. చీలమండ మెలిపడింది. మాస్టారికి చెబితే బయట కూర్చోబెడతారని, జేబురుమాలు బిగించి కట్టుకుని ఆడాను. నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. ఆ కాలు ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు నొప్పి పెడుతుంది.

అది మాస్టారి తప్పు కాదు. ఉన్న సమయంలో ఆయన చేయగలిగినంతా చేశారు. మా పొరపాటేమిటో విద్యుత్ కేంద్రంలో ఉద్యోగం చేశాక నాకు అర్థమైంది. చల్లారి ఉన్న టర్బైన్ మీద ఒక్కసారిగా పూర్తి లోడు వేయం. మెల్లగా వేడెక్కించి, మెట్లు మెట్లుగా పెంచుతాం. ఓవర్‌హాల్ కోసం ఆపి, విప్పి చూస్తాం. మేం మాత్రం మా మోకాళ్ల మీద ఇరవై రోజుల్లో ఏడాది లోడు వేశాం.

అలాగని ఏడాది పొడవునా మ్యాచ్‌లు ఆడించమని నేననడం లేదు. ఎదిగే పిల్లలకు వారంలో కనీసం ఒకరోజు, ఏడాదిలో కొన్ని వారాలు ఆ ఆట నుంచి పూర్తి విరామం ఉండాలని క్రీడా వైద్యులు చెబుతారు. శిక్షణ అంటే ఏడాదిని పంచుకోవడం.

మన బడి క్యాలెండరుకు తగ్గట్టు ఇలా అనుకోవచ్చు. వేసవిలో ఎండ ఎక్కకముందే గంటసేపు నైపుణ్యాలు: ఎడమచేత్తో డ్రిబుల్, పాస్, పివట్. జూన్, జులైలలో ఒంటికి బలం: గుంజీలు, దండీలు, తాడాట. బరువులు అక్కర్లేదు. ఎగిరి రెండు కాళ్ల మీద, మోకాళ్లు వంచి మెత్తగా దిగడం ప్రతిరోజూ నేర్పాలి. ఇది ఆడపిల్లలకు మరీ ముఖ్యం, మోకాలి లిగమెంటు తెగే ప్రమాదం వాళ్లకు ఎక్కువ. పోటీల నెలల్లో జట్టుగా ఆడటం ప్రధానం. అయినా బలం కసరత్తు వారానికి రెండుసార్లు కొద్దిసేపు ఉండాలి, మానేస్తే సంపాదించింది కరిగిపోతుంది. పోటీలయ్యాక కొన్ని వారాలు బంతి ముట్టకుండా వేరే ఆటలు. పరీక్షల ముందు రోజుకు అరగంట చాలు.

ఫ్రీ త్రో ఒక్కటీ చూడండి. బోర్డుకు పదిహేను అడుగుల దూరం, పదడుగుల ఎత్తున రింగు, అడ్డుకునేవాడు లేడు. ఎత్తు, వేగం అంతగా లేని పిల్లవాడికి కూడా రోజూ యాభై వేస్తే అబ్బే విద్య అది. ఆనాటి మ్యాచ్‌లో మేం ఏడు పోగొట్టుకున్నాం.

స్వర్ణోత్సవ నిధితో ఫ్లడ్‌లైట్లు, గాజు బోర్డులు పెట్టాలని కొందరు మిత్రులు అంటున్నారు. అవీ రావాలి. కానీ ముందు ఏడాదంతా సాయంత్రం వచ్చే ఒక కోచ్‌ని పెడదాం. పీఈటీ గారికి ఆయన తోడుగా ఉంటారు. మొదటి ఏడాది జీతంలో సగం మా బ్యాచ్ భరిస్తుంది.

ఇంకొకటి, ఒక రిజిస్టరు కావాలి. మా ప్లాంటులో లాగ్‌బుక్ లాంటిది. ప్రతి పిల్ల, పిల్లవాడి ఎత్తు, ఎగిరిన ఎత్తు, యాభైలో పడ్డ ఫ్రీ త్రోలు అందులో రాయాలి. చివరి గడిలో ‘ఎక్కడైనా నొప్పి ఉందా?’ అని రోజూ అడిగి రాయాలి. నొప్పి చెప్పినవాడికి టీములో చోటు పోదని పిల్లలకు ముందే చెప్పాలి. జేబురుమాలు కట్టుకుని ఆడే పిల్లవాడు మన బడిలో ఇంకొకడు ఉండకూడదు.