కాదన్న భార్య



మన చంద్రపూర్‌ను చాందా అని పిలిచే రోజుల్లో ఈ ప్రాంతం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది. ఆ ప్రావిన్సెస్‌లోనే రాజనందగావ్‌లోనూ, బిలాస్‌పూర్‌లోనూ కాపురం చేస్తూ ఒకావిడ తెలుగు కథలు రాసింది. ఆమె పేరు భండారు అచ్చమాంబ. 1874లో పుట్టి 1905లో చనిపోయింది. చిన్నప్పుడే పెళ్లి చేశారు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే, ఆయన దగ్గర కూర్చొని నేర్చుకుంది. మనలాగే పరభాషల మధ్య బతికిన మనిషి.

1902లో ఆమె 'ధనత్రయోదశి' కథ రాసింది. దీపావళికి ఇంట్లో డబ్బు లేదు. పేద గుమాస్తా యజమాని సొమ్ముకు ఆశపడతాడు. భార్య విజయలక్ష్మి వద్దంటుంది. ఇది మంచి ఇల్లాలి కథ అని చాలామంది పక్కన పెట్టేస్తారు. నాకలా అనిపించదు. పిల్లలు పండగ కోసం చూస్తున్నారు, మొగుడు డబ్బు తెస్తానంటున్నాడు. అప్పుడు కాదనడం తేలికా? తప్పేదో ఒప్పేదో ఆమె మొగుణ్ణి అడిగి తెలుసుకోలేదు. ఇల్లు విడిచిపోతేనే స్వతంత్రం అనుకునేవాళ్లు ఈ కథ మళ్లీ చదవాలి.

తర్వాత 1910లో గురజాడ 'దిద్దుబాటు' వచ్చింది. చాలాకాలం దీన్నే తొలి తెలుగు కథ అన్నారు, అచ్చమాంబను మర్చిపోయి! అందులో గోపాలరావు స్త్రీవిద్యను మెచ్చుకునేవాడే. భార్య కమలినికి చదువొచ్చు. కానీ రాత్రిళ్లు అతను సానిపాటకు పోతాడు. ఒక రాత్రి వచ్చేసరికి ఆమె లేదు, ఉత్తరం ఉంది: పుట్టింటికి పోతున్నానని. మనిషి కుప్పకూలిపోతాడు. చివరికి మంచం కింద నుంచి నవ్వు వినిపిస్తుంది. కథంతా ఆమె కనపడదు, ఉత్తరంలోనే మాట్లాడుతుంది. ఆ అక్షరాలు లేకపోతే ఏడ్చి ఊరుకునేది.

ఇప్పుడు మన సంగతి. గనుల కాలనీల్లో, బల్లార్‌పూర్‌లో మన ఆడపిల్లలు చదువుతున్నారు, ఉద్యోగాలూ చేస్తున్నారు. "మేమే చదివించాం" అని గర్వంగా చెబుతాం. బాగానే ఉంది. మరి ఆమె జీతం పడే ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంది? సంబంధం వచ్చినప్పుడు ఆమె వద్దంటే, రెండోసారి అడక్కుండా ఊరుకున్న ఇళ్లు ఎన్ని? గోపాలరావు కూడా స్త్రీవిద్య గురించి చక్కగా మాట్లాడేవాడు, తమ్ముళ్లూ.

రెండు కథలూ చిన్నవే. ఈ వారం మీ ఇంట్లో ఎవరైనా పైకి చదవండి, అమ్మనూ కూర్చోబెట్టండి. విజయలక్ష్మి గురించి ముందు ఆవిడను మాట్లాడనివ్వండి.