ప్రయాణమునకు ముందు కాలపు లెక్క
(ప్రసంగ పాఠము)



ఎడ్లబండ్ల కాలమున మన పెద్దలు దూరమును పూటలతో చెప్పెడివారు. ఫలానా ఊరు ఒక పూట ప్రయాణమనినచో, ఎడ్లను చెట్టునీడన విప్పి నీరు పెట్టు వేళ సైతము అందులోనే చేరియుండెడిది. నేడు మనము దూరమును కిలోమీటర్లలో చెప్పుచున్నాము. దారిలో ఆగు వేళను మాత్రము లెక్కలోనికి తీసికొనుట లేదు. ఇందువలన కలుగు ముప్పును గూర్చి మీతో ముచ్చటింపగోరుచున్నాము.

ఒక ఉదాహరణము చూతము. సూర్యాపేటకు 20 కిలోమీటర్ల దూరముననున్న ఒక పల్లెనుండి పెండ్లివారు వ్యానులో హైదరాబాదునకు పోవలెననుకొందము. ముహూర్తము పగలు 11 గంటలకు. సూర్యాపేటనుండి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు. మొత్తము 155. “బండి గంటకు 80 పోవును గదా, రెండు గంటలు చాలు” నని ఒకరు చెప్పుదురు. ఆ మాట నమ్మి 8.30 గంటలకు బయలుదేరుదురు.

అదే దారిని భాగములుగా విడదీసి లెక్కింతము. పల్లె రోడ్డు 20 కిలోమీటర్లు. మలుపులు, గొఱ్ఱెల మందలు, రోడ్డుపై ఆరబోసిన ధాన్యము ఉండును గనుక గంటకు 30 చొప్పున 40 నిమిషములు. రహదారిపై 120 కిలోమీటర్లు. టోల్ గేటు, కూడళ్లు, లారీల వరుసలు కలుపుకొని సగటున 60 చొప్పున 2 గంటలు. నగరములో 15 కిలోమీటర్లకు గంటకు 20 చొప్పున 45 నిమిషములు. వృద్ధులు, పిల్లలు దిగి టీ త్రాగి ఎక్కుటకు 25 నిమిషములు. వెరసి 3 గంటల 50 నిమిషములు. పంక్చరు వంటి అనుకొనని ఆటంకములకు మరి 40 నిమిషములు కలిపినచో నాలుగున్నర గంటలు. కావున వ్యాను ఉదయము 6.30 గంటలకే కదలవలెను.

8.30 గంటలకు కదలినవారు, ఏ ఆటంకము లేకున్నను, 12.20 గంటలకు చేరుదురు. ముహూర్తము దాటిపోవును. అప్పుడు అందరును డ్రైవరును తొందరపెట్టుదురు. తొందర వలన దక్కునదెంత? రహదారిపై 60కి బదులు సగటున 80 పోయినను మిగులునది 30 నిమిషములే. పోగొట్టుకొన్న 80 నిమిషములు తిరిగి రావు. అపాయము మాత్రము పెరుగును. గంటకు 60 చొప్పున పోవు బండి సెకనుకు సుమారు 17 మీటర్లు సాగును. 80 అయినచో 22 మీటర్లు. బ్రేకు వేసిన పిమ్మట ఆగుటకు పట్టు దూరము ఒకటిన్నర రెట్లకు మించును. గేదె అడ్డము వచ్చినపుడు ఆ కొద్ది మీటర్లే ప్రాణమునకు ఆధారము.

సగటు విషయమున మరియొక భ్రమ గలదు. 60 కిలోమీటర్లు గంటకు 60 చొప్పున, తరువాతి 60 కిలోమీటర్లు గంటకు 30 చొప్పున పోయినచో సగటు 45 అని తలంతురు. కాని 120 కిలోమీటర్లకు 3 గంటలు పట్టినవి గనుక సగటు 40 మాత్రమే. నెమ్మదిగా పోవు దారియే కాలమును ఎక్కువగా మ్రింగును. కావున గతుకుల రోడ్డును, కనుమ దారిని వేరుగా లెక్కింపవలెను. తిరుమల కనుమ మార్గమున బయలుదేరిన వేళను నమోదు చేసి, నిర్ణీత కాలముకంటె ముందుగా చేరిన వాహనములపై చర్య తీసికొను పద్ధతిని ప్రవేశపెట్టుటలోని ఆంతర్యమిదియే. అచట త్వరగా చేరుట తప్పుగా ఎంచబడినది.

వానకాలమున చప్టాపై నీరు పారుచున్నచో ఆగుటకో, చుట్టుదారి పట్టుటకో వ్యవధి ఉండవలెను. వ్యవధి లేనివారే నీటిలోనికి బండిని దింపుదురు. చేతిఫోనులోని మ్యాపు ఉపయోగకరమే. అయినను అది చూపునది బండి నడచు కాలము. తాతగారు దిగి ఎక్కు కాలము అందులో చేరదు.

డ్రైవరు సంగతి మరువరాదు. 1961లో పార్లమెంటు చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టము, వరుసగా 5 గంటలకు మించి పని చేయింపరాదనియు, నడుమ కనీసము అరగంట విశ్రాంతి నీయవలెననియు నిర్దేశించెను. కిరాయి కుదుర్చునపుడే “రాత్రి నిదురించితివా నాయనా?” అని అడుగుడు. నిదుర లేనివానిని మీ కుటుంబమునకు సారథిగా చేయకుడు.

కాబట్టి పెద్దలారా, ప్రయాణమునకు ముందునాటి రాత్రియే ఒక చీటీపై పల్లె దారి, రహదారి, నగరము, విరామము, ఆటంకము అను ఐదు పద్దులు వ్రాసి కూడుడు. చేరవలసిన వేళలోనుండి దానిని తీసివేసి, బయలుదేరు వేళను ఇంటిల్లిపాదికిని చెప్పుడు. ఒకవేళ ఆలస్యమైనచో, అచటివారికి ఫోనులో ఆ మాట చెప్పి నెమ్మదిగానే పొండు. తొందర రోడ్డుమీద పుట్టునది కాదు. మన వాకిటనే పుట్టి బండి ఎక్కుచున్నది. దానిని వాకిటనే దింపివేయుట మన చేతిలోని పని.

జై హింద్.