బీమా సొమ్ముతో కారు మరమ్మతు

సొమ్మొకడిది, సోకొకడిది అని మన సామెత. బీమా సొమ్ముతో జరిగే కారు మరమ్మతుకు ఈ సామెత చక్కగా అన్వయిస్తుంది. అయితే ఇక్కడ మరొక మెలిక కూడా ఉన్నది. సొమ్ము చెల్లించేది బీమా కంపెనీ. వస్తువును తెచ్చి బిగించేది గ్యారేజీ. ఆ కారులో ప్రయాణం చేసేది మాత్రం యజమాని, అతని భార్యాబిడ్డలు. చెల్లించేవాడు ఆ బండి ఎక్కడు, బిగించేవాడూ ఎక్కడు, ఎక్కేవారు బిల్లు చూడరు. ఈ ముగ్గురి నడుమ ఉన్న ఎడంలోనే నాసిరకపు విడిభాగం చొరబడుతుంది. దానిని కనిపెట్టడం ఎట్లాగో ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

ముందుగా ఈ మరమ్మతు నడిచే పద్ధతి తెలుసుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇతరులకు కలిగే నష్టానికి బీమా చేయించడం వాహన యజమాని విధి. థర్డ్ పార్టీ బీమా అనే ఈ పాలసీ సొంత కారు మరమ్మతుకు పైసా కూడా ఇవ్వదు. సొంత బండి నష్టానికి కూడా వర్తించే పాలసీ ఉన్నవారికే ఆ సొమ్ము లభిస్తుంది. ప్రమాదం జరిగాక గ్యారేజీవారు ఎస్టిమేటు వేస్తారు. నష్టం ఒక నిర్ణీత మొత్తానికి మించితే లైసెన్సు పొందిన సర్వేయరు దానిని పరిశీలించాలని 1938 నాటి బీమా చట్టంలోని 64-యు.ఎం. సెక్షను చెబుతున్నది. ఏ భాగాన్ని సరిచేయాలి, ఏ భాగాన్ని మార్చాలి అన్న విషయం ఆయన పరిశీలనతో తేలుతుంది. కాని ఆయన ప్రధానంగా చూసేది దెబ్బతిన్న బండిని. బాగుపడిన బండిని తిరిగి వచ్చి చూడడం అన్ని సందర్భాలలోనూ జరగదు.

“సొమ్ము కంపెనీది కదా, నాకెందుకీ శ్రమ?” అని కొందరు అనుకోవచ్చును. అది పొరపాటు. సాధారణ పాలసీలలో విడిభాగాల వెలలో నుంచి తరుగుదల పేరుతో కొంత భాగం మినహాయిస్తారు. రబ్బరు, నైలాను, ప్లాస్టిక్కు భాగాలకు, టైర్లకు, బ్యాటరీలకు, ఎయిర్ బ్యాగులకు ఈ మినహాయింపు నూటికి 50. ఫైబర్ గ్లాసుకు 30. అద్దాలకు తరుగుదల లేదు. లోహపు భాగాలకు మొదటి ఆరు నెలలు మినహాయింపు లేదు. తరువాత నూటికి 5తో మొదలై, బండి వయస్సు పదేళ్లు దాటేసరికి 50కి చేరుతుంది. ఈ మినహాయింపు మొత్తాన్ని యజమాని తన జేబులో నుంచి చెల్లించుకోవాలి. అధిక ప్రీమియం కట్టి, తరుగుదల లేని పాలసీ తీసుకున్నవారికి మాత్రమే ఈ బాధ తప్పుతుంది.

ఒక లెక్క చూడండి. ప్లాస్టిక్కు బంపరు వెల 12,000 రూపాయలని బిల్లు వేశారనుకుందాం. అందులో 6,000 యజమాని వంతు. వాస్తవంగా బిగించినది 4,000 రూపాయల నకిలీ బంపరైతే, యజమాని ఇచ్చిన సొమ్ముతోనే బంపరు కొనగా, ఇంకా 2,000 మిగులుతుంది. బీమా కంపెనీ ఇచ్చిన 6,000 దానికి అదనపు లాభం. మోసపోయినది కంపెనీ ఒక్కటే కాదన్నమాట.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. కారు కంపెనీ ముద్ర లేని ప్రతి భాగమూ నకిలీ కాదు. కార్ల తయారీ సంస్థలు లైట్లు, బేరింగులు, బ్రేకు ప్యాడ్లు వంటి పెక్కు భాగాలను ఇతర కర్మాగారాల నుంచే కొంటాయి. ఆ కర్మాగారాలు తమ వస్తువులను సొంత పేరుతో కూడా అమ్ముతాయి. తమ పేరు దాచకుండా తక్కువ వెలకు వేరే సరుకు తయారు చేసి అమ్మేవారూ ఉన్నారు. విజయవాడ ఆటోనగరులోగాని, సికింద్రాబాదు రాణిగంజిలోగాని దుకాణం మెట్టెక్కితే “కంపెనీదా, లోకలుదా?” అని అడుగుతారు. అట్లా చెప్పి అమ్మడంలో తప్పు లేదు. ఒకరి ముద్రను దొంగిలించి మరొకరి సరుకుపై వేయడం నేరం. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం దీనికి ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు కారాగార శిక్ష విధిస్తున్నది. లోకల్ సరుకు బిగించి కంపెనీ వెల రాయడం, పాత భాగానికే పుట్టీ పెట్టి రంగు వేసి కొత్తది మార్చినట్లు చూపడం మోసం. బీమా మరమ్మతులలో మనం కనిపెట్టవలసినది ముఖ్యంగా ఈ రెండవ రకాన్నే.

ఈ చీకటి వ్యాపారానికి ఒక కారణం అసలు సరుకు సులభంగా దొరకకపోవడం. 2014 ఆగస్టులో భారత పోటీ కమిషన్ 14 కార్ల తయారీ సంస్థలకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. విడిభాగాలను బహిరంగ విపణిలో అమ్మకుండా తమ అధీకృత డీలర్లకే పరిమితం చేయడం పోటీ చట్టానికి విరుద్ధమని నిర్ణయించింది. అసలుది అందనప్పుడు, అందినా వెల ఎక్కువైనప్పుడు, నకిలీకి గిరాకీ పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

బంపరు నకిలీదైతే పోయేది డబ్బు. ఎయిర్ బ్యాగు నకిలీదైతే పోయేది ప్రాణం. మన దేశంలో 2019 జూలై నుంచి కొత్త కార్లలో డ్రైవరు ఎదుట ఎయిర్ బ్యాగు తప్పనిసరి అయినది. ఒకసారి విచ్చుకున్న బ్యాగు మళ్లీ పనికిరాదు, కొత్తది అమర్చవలసిందే. అమెరికాలోని జాతీయ రహదారి భద్రతా సంస్థ 2024 జూలైలో ఒక హెచ్చరిక చేసింది. నాసిరకపు ఇన్‌ఫ్లేటర్లు, అనగా బ్యాగును ఉబ్బించే పరికరాలు, పేలిన కారణంగా అంతకు ముందు తొమ్మిది నెలలలో ముగ్గురు మరణించారు. ఇద్దరు దారుణంగా గాయపడ్డారు. ఆ కార్లన్నీ అంతకు పూర్వం ఒకసారి ప్రమాదానికి గురై, మరమ్మతు పొందినవే. రక్షించవలసిన పరికరమే లోహపు ముక్కలను ముఖాన చిమ్మింది. అమెరికాకైనా ఆంధ్రదేశానికైనా ఈ పాఠం ఒక్కటే.

ఇక యజమాని చేయదగిన పనులు మూడు దశలలో ఉన్నవి.

మొదటి దశ పని ప్రారంభించక ముందు. ఎస్టిమేటు ప్రతిని తీసుకోండి. ప్రతి భాగానికి ఎదురుగా మార్చడమా, సరిచేయడమా అన్నది స్పష్టంగా రాయించండి. దెబ్బతిన్న భాగాలను ఫోటో తీయించండి. తీసివేసిన పాత భాగాలను తాము చూసేదాకా పారవేయవద్దని గ్యారేజీవారికి రాతపూర్వకంగా తెలపండి. పాత సామానుకు ధరకట్టి కంపెనీ తీసుకోవచ్చును. కాని అవి మీ కంటపడడానికి అభ్యంతరం ఉండదు. పాత తలుపు కనబడితేనే కొత్త తలుపు వేశారన్నదానికి ఆధారం. పని పూర్తయిన తరువాత సర్వేయరు పునఃపరిశీలన జరపాలని కంపెనీకి ఒక లేఖ రాయడం కూడా మంచిది.

రెండవ దశ పని నడిచేటప్పుడు. కొత్త భాగాన్ని బిగించక ముందే, డబ్బాతో సహా చూపమని అడగండి. డబ్బాపై తయారీదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, నెల, సంవత్సరం ఉండాలని 2011 నాటి ప్యాకేజీ సరుకుల నియమాలు చెబుతున్నవి. అక్షర దోషాలు, చెరిపి రాసిన ధర, విప్పి మళ్లీ అంటించిన సీలు కనబడితే అనుమానించాలి. డబ్బాపై ఉన్న పార్టు నంబరును రాసుకోండి. బిల్లులోని నంబరుతో దానిని తరువాత పోల్చవచ్చును.

మూడవ దశ బండిని ఇంటికి తెచ్చుకొనేటప్పుడు. పగటి వెలుతురులో చూడండి. ఇనుప రేకుపై గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం ఉంచితే గట్టిగా పట్టుకోవాలి; జారిపోతే అడుగున పుట్టీ దళసరిగా ఉన్నదన్నమాట. తలుపు, బానెట్టు మార్చామన్నచోట వాటి బోల్టులపై పానా పెట్టిన జాడ ఉండాలి. రెండు హెడ్‌లైట్లకూ బిల్లు వేసి, ఒకటి మాత్రం పసుపు పట్టి ఉంటే కారణం అడగండి. ముందు అద్దం మూలలో తయారీదారు గుర్తును, భద్రతా గాజుకు సంబంధించిన ఐ.ఎస్. 2553 అన్న అంకెను చూడండి. టైరు పక్కగోడపై నాలుగంకెల తేదీ ఉంటుంది: 2325 అని ఉంటే అది 2025లో 23వ వారం తయారైనదని అర్థం. తాళం తిప్పగానే ఎయిర్ బ్యాగు దీపం కొన్ని క్షణాలు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే లోపమున్నది, అసలు వెలగనేకపోతే దీపాన్నే మూగచేసి ఉండవచ్చును. ఏ సందర్భంలోనైనా బండిని కదల్చకండి.

ఇవన్నీ చూసిన తరువాతనే, పని తృప్తికరంగా ఉన్నదని సంతకం చేయండి. చాలామంది ఆ కాగితాన్ని తాళాలు చేతికి వచ్చిన సంతోషంలో చదవకుండా సంతకం చేసి ఇచ్చివేస్తారు. ఆ సంతకమే తరువాత ఫిర్యాదుకు అడ్డుగోడ అవుతుంది. అనుమానం ఉంటే దానిని ఆ కాగితం మీదనే రాయండి.

లోపం బయటపడితే ముందు బీమా కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. నెల రోజులలో సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం తృప్తి కలిగించకపోయినా, ఏడాది లోపల బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. తెలుగు రాష్ట్రాలవారికి ఆ కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. రుసుము లేదు, వకీలు అవసరం లేదు. అయితే ఆయన అధికారం బీమా సంస్థల మీదనే. గ్యారేజీ చేసిన మోసానికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించాలి. 1915 అన్న జాతీయ నంబరుకు ఫోను చేస్తే మార్గం చెబుతారు. ఎక్కడికి వెళ్లినా చేతిలో ఉండవలసినవి ఎస్టిమేటు, ఫోటోలు, పార్టు నంబర్లు, బిల్లు.

నిజాయితీగల మెకానిక్కు ఈ ప్రశ్నలకు కోపగించుకోడు. తన పనితనం చూపుకొనే అవకాశంగా భావిస్తాడు. కోపం ఎవరికి వస్తుందో ఆ పనినే మరొకసారి చూడండి. గ్యారేజీలో గడిపే అరగంట వృథా కాదు. ఆ బండిలో రేపు బడికి వెళ్లేది మీ పిల్లలే.