చక్రముల మీది యిల్లు



ఇల్లు కట్టదలచినవాడు మొట్టమొదట నేలను చూచును. మన పల్లెలలో పునాది త్రవ్వునాడు పెద్దలను పిలుచుట ముహూర్తము కొరకు మాత్రమే కాదు. మన్ను గట్టిదో గుల్లదో చెప్పగల కన్ను వారికుండునని కూడ పిలుతురు. అయితే పునాదియే లేని యిల్లొకటి లోకమున గలదు. అది నేటి రాత్రి కొండ ప్రక్కను, రేపటి రాత్రి సరస్సు తీరమునను నిలుచును. అమెరికావారు దానిని మోటారు హోమ్ అందురు. మనము మోటారు ఇల్లు అనుకొందము. వీటిలో మిక్కిలి వెలగల బండ్ల నేల యెట్లుండును, లోపలి పనితనమును ఎట్లు పరీక్షింపవలెను అను విషయమును నేడు మనవి చేయుదును.

ఈ ప్రసంగము మాకెందులకని మీరడుగవచ్చును. నేడు మన పల్లెలనుండి వెళ్ళి అమెరికాలో స్థిరపడిన బిడ్డలు అనేకులు గలరు. తల్లిదండ్రులు చూడబోయినప్పుడు వారిలో కొందరు ఇట్టి బండిని అద్దెకు తెచ్చి దేశము చూపింతురు. కొందరు కొనుటకును ఆలోచించుచున్నారు. ఆ దేశమున ఉద్యోగము విరమించిన దంపతులు కొందరు ఉన్న యిల్లమ్మి, ఆ సొమ్ముతో మోటారు ఇల్లు కొని, అందులోనే సంవత్సరముల తరబడి కాపురము చేయుదురు. వారికి ఆ బండి నేల మెత్తబడినచో విహారము చెడుట కాదు, కాపురమే చెడుట. కనుక ఇది విలాసముల ముచ్చట మాత్రము కాదు.

మొదట కొంచెము పూర్వకథ. 1885వ సంవత్సరమున ఇంగ్లండులో గోర్డన్ స్టేబుల్స్ అను వైద్యుడు, పూర్వము నౌకాదళమున పనిచేసినవాడు, విహారమునకై ఒక యింటిబండిని చేయించుకొనెను. దానికి 'వాండరర్', అనగా సంచారి, అని పేరు పెట్టెను. దానిని రెండు గుఱ్ఱములు లాగెను. 1910లో అమెరికాలో పియర్స్-ఆరో అను సంస్థ పడకయు నీటితొట్టియు గల మోటారు బండిని ప్రదర్శించెను. మన తెలుగునాట 1982లో నందమూరి తారక రామారావుగారు షెవర్లె బండినొకదానిని మార్పించి చైతన్యరథమని పేరిడి, దానిలోనే ఊరూర తిరిగిన సంగతి మీలో అనేకులు కన్నులార చూచినదే. నేడు అమెరికాలో ఇండియానా రాష్ట్రమందలి ఎల్క్‌హార్ట్ ప్రాంతము ఈ పరిశ్రమకు కాణాచి.

ఈ బండ్లలో మేలిరకములు 45 అడుగుల పొడవు, ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు గలవి. ఇంజను వెనుక భాగముననుండును. సామానులతో నిండినప్పుడు వాని బరువు 20 టన్నులు మించుటయు గలదు. కెనడా దేశపు ప్రెవోస్ట్ బస్సులను తీసికొని వానిలో ఇండ్లు అమర్చువారు గలరు; అట్టి వాని వెల 20 లక్షల డాలర్లను మించును. లోపల నున్నని టైల్సు, వాల్‌నట్ కొయ్య బీరువాలు, రాతి బల్లలు, నేల క్రింద వెచ్చదనమునిచ్చు తీగలు, ఇట్టివన్నియు నుండును. చూచినవారికి కన్నులు చెదరును.

అలంకారశాస్త్రము చదివినవారెరుగుదురు: శబ్దార్థములే కావ్యమునకు శరీరము. శరీరము శిథిలమైనచో నగలెన్ని తొడిగినను ప్రయోజనము లేదు. బండికిని అంతే. మనము త్రొక్కు టైలు అలంకారము. దాని క్రిందనున్న పలకయు, ఆ పలకను మోయు ఇనుప చట్రమును శరీరము. కొనువాడు అలంకారము చూచి డబ్బిచ్చును. పదేండ్ల తరువాత అతనిని కాపాడునది శరీరము.

ఆ శరీరమునకు శత్రువులు మూడు: కుదుపు, నీరు, బరువు.

ముందు కుదుపును గూర్చి చెప్పుదును. ఎడ్లబండి ఒక చక్రము గోతిలో దిగినప్పుడు బండి తట్టి యెట్లు మెలిదిరుగునో మీరెరుగుదురు. మోటారు ఇంటి చట్రము ఇనుముదైనను కొంత మెలిదిరుగును. కొయ్యపలక ఆ మెలికను కొంత ఓర్చుకొనును, టైలు ఓర్చుకొనదు. మన యింటిలో పునాది ఒకమూల క్రుంగినచో గచ్చు పగులునుగదా! ఈ యింటికి ప్రతి దినము పునాది క్రుంగుచు లేచుచునుండునని యనుకొనుడు. అందుచేత మంచి పనివారు టైలు క్రింద సాగుగుణముగల జిగురును పరతురు. సందులలో మామూలు సిమెంటు ముద్దకు బదులు ఎపాక్సీ వంటి, పగులుటకు లొంగని ముద్దను నింపుదురు. క్రింది పలకను దళసరిగా వేసి, దానిని మోయు అడ్డకడ్డీలను దగ్గర దగ్గరగా నమర్తురు. ఇవేవియు కొనువానికి కనబడవు.

రెండవది నీరు. ఇదియే పరమశత్రువు. బండి పైకప్పు మీద గాలిమరలకు, దీపములకు, కిటికీలకు తొలిచిన రంధ్రములు పెక్కులుండును. వాని అంచులను మూసిన బంక ఎండకు ఎండి నెర్రెలు విచ్చును. అచ్చట దూరిన వాననీరు కప్పునుండి నేరుగా క్రిందికి కారదు. గోడ లోపల నడచి నేల అంచును చేరును. అక్కడ చెక్కపేళ్ళను జిగురుతో నొక్కి చేసిన పలకయున్నచో, అది అంచులయందు నీరుత్రాగి ఉబ్బి, తరువాత పొడియై రాలును. పొరలపలకయైన ప్లైవుడ్ దానికంటె మేలు. నీటికోర్చు జిగురుతో చేసిన ప్లైవుడ్ మరియు మేలు. ఇటీవల కొందరు కొయ్యయే లేని గాజునార పలకలను వాడుచున్నారు. వానికి కుళ్ళు లేదు.

మా కుమారుడు కొలరాడో రాష్ట్రమున నుద్యోగము చేయుచున్నాడు. అతడొకసారి ఇట్టి బండినొకదానిని అద్దెకు తెచ్చి మమ్ములను ఎల్లోస్టోన్ వనమునకు తీసికొనిపోయెను. బండి పైకి క్రొత్తదివలె మెరయుచుండెను. రెండవనాడు నేను తలుపు దగ్గర చెప్పులు విడుచుచుండగా మడమ క్రింద నేల మెత్తగా లోనికి దిగెను. మా ఆవిడతో చెప్పగా ఆమె అచ్చట కాలుంచి, "ఇది మన పశువుల కొట్టము తలుపు దగ్గర నేలవలె నున్నదండీ" అనెను. బండి అప్పగించునప్పుడు మా కుమారుడా సంగతి చెప్పగా, అద్దె కచేరీవాడు నవ్వి, "పైన వినైలు పరుపు మార్చితిమిగదా" అనెను. క్రింద కుళ్ళినదానిపై క్రొత్త పరుపు పరచిరన్నమాట. పైన పటారము, లోన లొటారము అనుమాట నాకు గుర్తువచ్చెను.

మూడవది బరువు. తొమ్మిది మిల్లీమీటర్ల మందముగల పింగాణి టైలు చదరపు అడుగునకు సుమారు 2 కిలోలు తూగును. రెండువందల చదరపు అడుగుల నేలకు 400 కిలోలు. అనగా ఐదారుగురు మనుష్యులు నిత్యము బండిలో నిలిచియున్నట్లే. నూరు గాలనుల నీటితొట్టి నిండినచో మరి 380 కిలోలు. ప్రతి బండికిని మోయదగిన బరువునకు హద్దు గలదు. లోపల అంటించిన పత్రముపై దానిని వ్రాయుదురు. నేలయే ఆ హద్దును మ్రింగివేసినచో, ఇంటివారి వంటపాత్రలకు, బట్టలకు, పుస్తకములకు మిగులునదెంత? కనుక టైలు పరచిన బండికి బలమైన చట్రముండి తీరవలెను. తేలిక బండికి వినైలు పలకయే తగినది. అది చవకదని చిన్నచూపు చూడరాదు.

ఈ బండ్లలో మరియొక వింత గలదు. బండి ఆగిన తరువాత మీట నొక్కినచో గదిలో నొక భాగము, గోడయు సోఫాయు పడకయు సహితముగా, ప్రక్కకు జరిగి వెలుపలికి వచ్చును. దానిని స్లైడవుట్ అందురు. 1990లో న్యూమార్ అను సంస్థ దీనిని ఈ బండ్లలో ప్రవేశపెట్టెను. ఇరుకు గది విశాలమగును గాని, నేలకిది పెద్ద పరీక్ష. వందల కిలోల గది ప్రతిసారి నేలమీదుగా జరుగును. దాని చక్రము క్రింద చిన్న యిసుకరేణువు చిక్కినను టైలుపై గీత పడును. అతికింపక ఒకదానికొకటి తగిలించిన పలకలైనచో మరియొక చిక్కు గలదు. అవి ఎండకు సాగవలెను, చలికి ముడుచుకొనవలెను. మీద గది బరువు అదిమిపట్టినచో సాగుటకు చోటులేక ఉబ్బి లేచును. కావున అచ్చట పలకను పూర్తిగా అతికింపవలెను. గదిని జరుపుటకు ముందు నేలను ఊడ్చుట గృహిణి శుభ్రత కొరకే కాదు, నేల ప్రాణము కొరకు.

ఇక బీరువాల మాట. నిలిచిన యింటిలో బీరువా అతుకు కొంత వదులైనను కాలము గడుచును. ఈ యింటికి నూరు మైళ్ళ ప్రయాణమొక చిన్న భూకంపము. మేకులవంటి సన్నని తీగముక్కలను యంత్రముతో కొట్టి నిలిపిన అతుకు కొలదికాలమునకే ఊడును. కొయ్యను తొలిచి, ఆ బెజ్జములో రెండవ కొయ్య కొనను దూర్చి జిగురుతో బిగించిన అతుకు నిలుచును. మన ఊరి వడ్రంగి నాగలికిని తలుపు చట్రమునకును చేయు పనియిదియే. సొరుగును పూర్తిగా బయటికి లాగి దాని వెనుక మూల చూడుడు; పనివాని మనస్సు అచ్చట తెలియును.

ఆరోగ్యమును గూర్చి ఒకమాట. పలకలను అతికించు కొన్ని జిగురులనుండి ఫార్మాల్డిహైడ్ అను ఘాటు వాయువు వెలువడును. 2005లో కత్రినా తుపానున ఇండ్లు పోయిన వారికి అమెరికా ప్రభుత్వము చక్రముల ఇండ్లనిచ్చెను. వానిలో కాపురమున్నవారు కండ్ల మంటలు, ఊపిరి బాధలు చెప్పుకొనగా, అచ్చటి ప్రభుత్వ ఆరోగ్యసంస్థ 519 ఇండ్లలో గాలిని పరీక్షించెను. నూరుకోట్ల భాగములలో సగటున 77 భాగములు ఆ వాయువని 2008లో తేలెను. పిమ్మట 2010లో ఈ పలకలకు హద్దులు విధించుచు చట్టము చేసిరి. అవి వెలగల బండ్లు కావు, నిజమే. అయినను మూసిన చిన్న గదిలో జిగురు వాసన ధనికుని ఊపిరికిని పేదవాని ఊపిరికిని ఒక్కటే.

చట్టము కాపాడదా అందురేమో. కాలిఫోర్నియాలో లోపముగల క్రొత్త వాహనమును తిరిగి పుచ్చుకొనునట్లు చేయు చట్టమొకటి గలదు. అది మోటారు ఇంటి విషయమున చట్రమునకును నడిపించు యంత్రభాగమునకును వర్తించును. నివాసమునకై యేర్పరచిన భాగమునకు వర్తింపదు. అనగా ఇంజను చెడినచో ఆ చట్టము తోడుండును. నేల కుళ్ళినచో ఆ తోడు లేదు. అందువలన కొనువాని కన్నే అతనికి మొదటి రక్ష.

కాబట్టి మీ బిడ్డలెవరైన ఇట్టిది కొనబోయినచో ఈ నాలుగు మాటలు చెప్పుడు. చెప్పులు విడిచి లోపలికి పోయి, తలుపు దగ్గర, స్నానపుగది మూలలలో, పడక ప్రక్కన మడమతో అదిమి చూడుమనుడు. పైకప్పుమీది బంకను ఏటేట పరీక్షింపుమనుడు. నేల క్రింద ఏ పలక వేసిరో వ్రాతమూలముగా అడుగుమనుడు. నిండు నీటితో బండిని తూనికకు నిలిపి, ఇంకెంత మోయగలదో తెలిసికొనుమనుడు. ఈ ప్రశ్నలకు చిరాకుపడు వర్తకుని దగ్గర బేరము మానుట మేలు.

చివరి మాట. మన యిండ్లలోను నేడు టైలు వన్నె నెంచుటకు ఒక పూట, క్రింది మట్టిని దిమ్మిసకొట్టించుటకు ఒక గడియ వెచ్చించువారు పెరుగుచున్నారు. నడుచు ఇల్లు లోపమును మూడేండ్లలో బయటపెట్టును. నిలిచిన ఇల్లు ముప్పదియేండ్లు దాచి మనుమల కాలమున బయటపెట్టును. భేదమంతే. మీ గ్రామమున ఎవరైన ఇల్లు మొదలుపెట్టినచో టైలు పరచకముందే ఒకసారి వెళ్ళి క్రింది నేలను త్రొక్కి చూడుడు. ఆ సమయమున పెద్దలు చెప్పిన మాటకు విలువ గలదు. టైలు పరచిన తరువాత చెప్పినది నిష్ఠూరమగును.