లెక్కకు రావడమూ హక్కే



2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో కలుషితమైన కుళాయి నీరు తాగినవారు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. పదిమందికి పైగా మరణించారు. పరీక్షల్లో కలరా క్రిమి బయటపడింది.

ఇటువంటి విపత్తును తొలిదశలోనే పసిగట్టేందుకు దేశంలో 2004 నుండి సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం ఉన్నది. ఆరోగ్య కార్యకర్త లక్షణాలను, వైద్యుడు తన అనుమానాన్ని, ప్రయోగశాల తన నిర్ధారణను నమోదు చేయాలి. ఒకే వీధిలో విరేచనాల కేసులు పెరిగితే ఆ లెక్కే హెచ్చరిక.

అయితే మన బస్తీలలో రోజు కూలి వదులుకోలేనివారు పక్క వీధిలోని ఆర్‌ఎంపీ వద్దనే మందు పుచ్చుకుంటారు. రోగి కోలుకోవచ్చు. కాని మల నమూనా ప్రయోగశాలకు చేరదు, కేసు పట్టికకెక్కదు. కాగితం మీద ఆ బస్తీ ఆరోగ్యంగానే ఉంటుంది. రోగం ప్రబలినప్పుడు మాత్రం శుభ్రత తెలియనివారన్న నింద మనపై పడుతుంది. సరైన లెక్క ఉంటే ఆ వేలు పగిలిన గొట్టాన్ని చూపుతుంది.

కనుక మనం కోరవలసినవి మూడు: విరేచనాల కేసుల వారపు లెక్కను బస్తీలవారీగా ప్రకటించాలి. అనుమానిత రోగులకు యాంటీబయాటిక్ ఇచ్చేముందే నమూనా సేకరించాలి. కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలన్నది ప్రమాణం. దానిని ప్రజల ఎదుటే పరీక్షించాలి.

మన బాధ్యతా ఉన్నది. ఒకే గల్లీలో ఇద్దరు ముగ్గురికి విరేచనాలు పట్టుకుంటే, ఓఆర్‌ఎస్ తాగిస్తూనే, ఆ రోజే ఆశా కార్యకర్తకు తెలియజేయండి.