నాదస్వరం నేర్చే పిల్లలు: నాదసాధన, పీక సంరక్షణ

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉదయం సభకు నాంది పలికింది నాదస్వరం. పెండ్లి పందిరి అయినా, దేవుని ఊరేగింపు అయినా మంగళవాద్యం లేనిదే శుభకార్యం మొదలు కాదు. పందిట్లో అందరికీ ఇంపైన ఆ వాద్యాన్నే పక్కింటి పిల్లవాడు నేర్చుకుంటూ ఉంటే మాత్రం ఎవరికీ ఇంపుగా ఉండదు. వీణ నేర్చే పిల్ల తప్పు పలికించినా ఆ తప్పు నాలుగు గోడలు దాటదు. నాదస్వరం నేర్చే పిల్లవాడి తప్పు వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఆరుబయట, వేలమంది జనం మధ్య వినబడడానికి పుట్టిన వాద్యం అది. ఇల్లూ వాకిలీ దానికి చాలవు. ఈ కారణం చేతనే ఎందరో పిల్లలు తొలి రెండేళ్లలో ఆ విద్యను వదిలివేస్తున్నారు. వారికి శక్తి లేక కాదు, ఇంటివారికీ ఇరుగుపొరుగు వారికీ ఓపిక లేక.

తమిళదేశంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఈ వాద్యంతో ప్రత్యేకమైన అనుబంధం ఉంది. ప్రకాశం జిల్లా కరవది గ్రామంలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానా సాహెబ్ గారు, తండ్రితాతల విద్య చేతిలో ఉండగానే, తంజావూరు బాణీపై మక్కువతో కుంభకోణం దాపున ఉన్న నాచ్చియార్‌కోయిల్ విద్వాంసులు రాజం, దురైకణ్ణు సోదరుల వద్ద మళ్లీ శిష్యుడై కూర్చున్నారు. తరువాత శ్రీరంగంలో స్థిరపడి, అక్కడ శారదా నాదస్వర సంగీతాశ్రమం నెలకొల్పి ఎందరికో విద్య నేర్పారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదునిచ్చింది. 1999లో ఆయన కన్నుమూశారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించింది. ఆడపిల్లకు ఈ వాద్యం ఎందుకని అడిగే తల్లిదండ్రులకు కాలీషాబీ గారి పేరు చెబితే చాలు, వేరే సమాధానం అక్కరలేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. తెలుగులో ‘పీక’ అంటే గొంతు. ఊదే పీక కూడా పీకే. ఈ రెంటికీ ఒకే మాట పెట్టిన పూర్వులు ఎవరోగాని, వాద్యం సంగతి ఎరిగినవారే. నాదస్వరంలో కర్రది పెద్ద కొలత. కిందనున్న గరాటు వంటి అణసు చూడడానికి అందం. కాని గొంతు మాత్రం పైనున్న ఆ చిన్న పీకే. దానినే ఇక్కడివారు సీవాళి అంటారు. కావేరి పరిసరాలలో పెరిగే నాణల్ అనే రెల్లు జాతి కాడను కోసి, నెలల తరబడి ఆరబెట్టి, ఉడికించి, నొక్కి, దారంతో కట్టి, అంచులు పలుచగా చెక్కి దీనిని తయారు చేస్తారు. తిరువావడుదురై ఈ పనికి ప్రసిద్ధి. దానికి సమీపంలోనే ఉన్న నరసింగంపేట వాద్యపు కర్రకు ప్రసిద్ధి. అక్కడి నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఎంత మంచి ఆచ్చామాను కర్ర కొన్నా, పీక పలకకపోతే అది చేతికర్రతో సమానం.

ఈ పీకలో రెండు పలుచని రేకులు ఎదురెదురుగా ఉంటాయి. ఊపిరి వాటి నడుమ నుండి దూసుకుపోతున్నప్పుడు అవి కంపించి నాదం పుడుతుంది. ఏడు రంధ్రాలపై వేళ్లు ఆడుతాయి. అడుగున ఉన్న మరి ఐదు రంధ్రాలలో కొన్నింటిని మైనంతో మూసి శ్రుతి సరిచేస్తారు. హార్మోనియం మెట్టు నొక్కితే స్వరం తనంతట తాను పలుకుతుంది. ఇక్కడ అటువంటి సౌకర్యం లేదు. ఒకే వేలి స్థానంలో ఊపిరి కాస్త బలిస్తే స్వరం పైకి జరుగుతుంది, సన్నగిల్లితే కిందికి జారుతుంది. ఆ జారుడును పెదవులతో పట్టి నిలపడమే పిల్లవాడు నేర్వవలసిన మొదటి విద్య. దానికి ఉన్న మార్గం ఒక్కటే. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకొని షడ్జమాన్ని మెల్లగా ప్రారంభించి, క్రమంగా పెంచి, మళ్లీ మెల్లగా తగ్గించి, శ్రుతి చెదరకుండా ఒక్క ఊపిరిలో ముగించాలి. పిదప పంచమం, ఆ తరువాత పై షడ్జమం. సరళీవరుసలు ఎక్కడికీ పోవు. ప్రతిదినం ముందు పది నిమిషాలైనా ఈ నిలుకడ సాధన జరగాలి. వినేవారికి ఇంతకంటె విసుగు పుట్టించే సాధన మరొకటి లేదు, ఆ మాట ఒప్పుకోవలసిందే. “ఏమిటిరా ఆ ఒక్క స్వరం, ఏదైనా కీర్తన వాయించరాదా?” అని ఇంటి పెద్దలు అంటారు. పిల్లవాడు వారి మాట విని కీర్తనలోకి దూకుతాడు. పెదవి కుదరక ముందే వేళ్లు పరుగులు తీయడం అలవాటవుతుంది. ఆ అలవాటును తరువాత మాన్పించడానికి గురువుకు ఏళ్లు పడుతుంది.

వయస్సు సంగతి కూడా ఒక మాట. ముందుపళ్లు ఊడి, కొత్తవి పూర్తిగా వచ్చినదాకా ఆగడం మేలు. చిన్న చేతులకు పొడవైన బారి నాదస్వరపు రంధ్రాలు అందవు. ముఖవీణ వంటి చిన్న వాద్యంతో మొదలుపెట్టిన పిల్లల వేళ్లు బిగుసుకుపోవు.

స్వరం పలకనప్పుడు పిల్లలు నెపం పీక మీద వేస్తారు. ఆ నెపం ఒక్కొక్కప్పుడు నిజమే. రెల్లుకాడ కనుక ఏ రెండు పీకలూ ఒకలాగా ఉండవు. వానాకాలపు తేమకు ఉబ్బుతాయి, ఎండాకాలంలో బిరుసెక్కుతాయి. రేకుల నోరు మరీ మూసుకుంటే నాదం గొంతు నొక్కినట్లుంటుంది, మరీ తెరుచుకుంటే ఊపిరంతా తాగివేస్తుంది. విద్వాంసుల వాద్యానికి పీకలు, ఒక సూది దారాన వేలాడుతూ ఉండడం అందరూ చూసే ఉంటారు. అవి అలంకారం కోసం కాదు. కచేరీ నడుమ ఒక పీక మొరాయిస్తే మరొకటి సిద్ధంగా ఉండడానికి, సూదితో రేకుల నోరు సరిచేయడానికి. నేర్చుకునే పిల్లవాడికి కూడా కనీసం మూడు పీకలైనా ఉండాలి. కొత్తదానిని మొదటిరోజే గంటసేపు ఊదరాదు. కొన్నాళ్లపాటు రోజుకు కొద్ది నిమిషాలు మెల్లగా ఊది మచ్చిక చేసుకోవాలి. పెదవుల మధ్య తడిపి, మెత్తబడిన తరువాతనే పలికించాలి. అలాగని నీటిలో నానవేసి మరచిపోతే చెడిపోతుంది. తీపి తిన్న నోటితో వాద్యం ముట్టరాదు. సాధన ముగియగానే ఎంగిలి తుడిచి, ఎండలో కాక నీడలో ఆరనివ్వాలి. తడిగా ఉన్నదానిని ప్లాస్టిక్ సంచిలో చుట్టిపెడితే రెండు రోజులలో బూజు పడుతుంది. గాలి ఆడే చిన్న చెక్కపెట్టె ఏదైనా సరిపోతుంది. ఒకరి పీక మరొకరు నోట పెట్టుకోరాదు, అన్నదమ్ములైనా సరే. పీకను బ్లేడుతో గీకే పని పిల్లలకు విడిచిపెట్టరాదు. గీకిన రేకు మళ్లీ మొలవదు, వేలు తెగితే సాధన ఆగుతుంది. ఆ పని గురువుగారిది.

అయినా పీక బాగున్నదో లేదో తెలియాలంటే ముందు పెదవి స్థిరపడాలి. నిలుకడ సాధన లేని పిల్లవాడు వారానికొక పీక మార్చుతాడు, ఏదీ నచ్చదు. ఆ ఖర్చు తల్లిదండ్రులదే.

ఈ పాఠశాల పిల్లలకు మరొక అనుకూలత ఉంది. త్యాగరాజస్వామి కీర్తనలు తెలుగు మాటలు. నాదస్వరంలో మాట వినబడదు కాని, మాట ఎక్కడ విరుగుతుందో అక్కడ ఊపిరి తీసుకోవాలి. అర్థం తెలియకుండా వాయించేవారు మాట నడుమ ఊపిరి పీల్చి పదాన్ని ముక్కలు చేస్తారు. తెలుగు చదివిన పిల్ల మనస్సులో సాహిత్యం పాడుకుంటూ వాయిస్తే ఊపిరి తనంతట తానే చోటు చూసుకుంటుంది. తుత్తుకారం, తన్నకారం అని విద్వాంసులు చెప్పే నాలుక పలుకులు కూడా అక్షరాల వెంట సులువుగా నడుస్తాయి. ఇంట్లో తెలుగు ఎందుకు, బడిలో తెలుగు ఎందుకు అనే ప్రశ్న 75 ఏళ్లుగా ఈ పాఠశాల వింటూనే ఉంది. చేతిలో వాద్యం ఉన్న పిల్లకు ఆ ప్రశ్న ఎదురుకాదు.

పదవ తరగతి రాగానే తల్లిదండ్రులు వాద్యాన్ని అటక మీద పెట్టివేస్తున్నారు. పరీక్షల బరువు ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. కాని పెదవి ఒక సంవత్సరం పాటు ఊరకుంటే నేర్చినది చాలావరకు పోతుంది, అటక మీది పీకలు ఎండి పగులుతాయి. రోజుకు పావుగంట నిలుకడ సాధన ఏ పరీక్షకూ అడ్డం కాదు. ఇంట్లో చోటు లేదనేవారికి, ఇరుగుపొరుగు వారితో మాట పడలేమనేవారికి ఒక ఏర్పాటు జరిగింది. వచ్చే విద్యా సంవత్సరం నుండి చివరి గంట కొట్టిన తరువాత ఆటస్థలం వైపు చివరి గది ఒక గంటసేపు వాద్యసాధనకు తెరిచి ఉంటుంది. అందులో ఒక శ్రుతిపెట్టె, ఒక మంచినీళ్ల కుండ, పీకలు ఆరవేసుకోవడానికి కిటికీ నీడలో ఒక చెక్కపలక ఉంటాయి. తాళంచెవి కార్యాలయంలో దొరుకుతుంది.