ఫోనులో వైద్యం, చేలో మోకాలు

(అవనిగడ్డలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాగాయలంక వైపు ఒక ఊళ్ళో, మోకాళ్ళ నొప్పులతో ఉన్న ఒక వ్యవసాయ కూలీ ఇంట్లో కూచున్నాను. బెజవాడ నుంచి ఫిజియోథెరపిస్టు ఫోను తెరమీద కనిపించాడు. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, అయిదు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టమన్నాడు. గొంతుకూచోవద్దు, వంగి పని చెయ్యొద్దు అన్నాడు. మంచి సలహానే. ఆమె తలూపింది. ఫోను పెట్టేశాక, "వంగకపోతే ఊడ్పులెట్టా చేసేదమ్మా? మినుమెట్టా పీకేది?" అంది నాతో.

ఆ ఫోను కొడుకుది. అతను పనికి బందరు వెళితే, వైద్యం కూడా బందరు వెళ్ళిపోతుంది.

దూరవైద్యాన్ని నేను కొట్టిపారెయ్యడం లేదు. ఇక్కణ్ణించి బెజవాడ బస్సులో కుదుపులు తింటూ వెళ్ళడమంటే ఆమె కూలీ, తోడెళ్ళే మనిషి కూలీ పోవడం. మనకిది కొత్తా కాదు. 2000లోనే చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వాళ్ళు టెలిమెడిసిన్ మొదలుపెట్టారు. 2019 నవంబరులో కేంద్రం ఈ-సంజీవని తెచ్చింది. కరోనా వచ్చాక, 2020 ఏప్రిల్లో, ఇంటినుంచే డాక్టరుతో మాట్లాడే వీలు కల్పించింది. ఎవరి ఇంటినుంచి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు నూటికి 21 మంది, మగవాళ్ళు 49 మంది.

ఇంకో సంగతి. 2015-16 సర్వేలో, 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో నూటికి ముగ్గురైతే, ఆంధ్రలో దాదాపు తొమ్మిదిమంది. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు తొందరగా గుల్లబారతాయి. ఈమెకీ ఆ ఆపరేషనయింది. ఫోనులో అతను అడగలేదు. పక్కన కొడుకున్నాడు కాబట్టి ఆమె చెప్పలేదు.

అందుకే మనం అడగాల్సింది ఇంకో యాప్ కాదు. ఊరి హెల్త్ క్లినిక్‌లో ఆరోగ్య కార్యకర్త పక్కనుండగా తెరమీద డాక్టరుకి చూపించుకునే ఏర్పాటు ఈ-సంజీవనిలో ఉన్నదే. అక్కడ తలుపు వేసుకునే గది కావాలి, నేలమీద చాప కావాలి, తెర అవతల ఫిజియోథెరపిస్టు కావాలి. అతని మొదటి ప్రశ్న "రోజుకి ఎన్ని గంటలు వంగి పనిచేస్తావమ్మా?" అని ఉండాలి. ఇక వేళ మాట. పొద్దున పదకొండింటికి రమ్మంటే ఊడ్పుల్లో ఉన్న మనిషి రాదని ఇక్కడున్న ఆశా కార్యకర్తలకి నేను చెప్పక్కర్లేదు.